సొంతంగా పాటలు చేసుకునేవాళ్ల ప్రశ్నలు: సాధన, సామాను, ఖర్చు, హక్కులు

సినిమా పిలుపు కోసం ఎదురుచూడకుండా తమ పాట తామే చేసుకుని వదిలేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ర్యాప్ కావచ్చు, జానపదం కావచ్చు, భక్తి పాట కావచ్చు, మిక్సింగ్‌కి (విడివిడిగా రికార్డు చేసినవాటిని కలిపి సర్దే పని) నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగే సందేహాలు మాత్రం మారవు. చెప్పిందే చెప్పే బదులు రాసిపెడితే నయమని ఇలా కూర్చాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: వీడియో సంగతి తర్వాత, డబ్బు ముందు గొంతు మీద, గది మీద, కాగితం మీద పెట్టాలి.

## మొదలుపెట్టే ముందు

సంగీతం నేర్చుకోకుండా పాటలు చేయొచ్చా? చాలామంది చేస్తున్నారు కదా?

చేయొచ్చు. మొదటి ట్యూన్ ఎవరికైనా దానంతటది వస్తుంది. ఇబ్బంది మూడో పాట దగ్గర మొదలవుతుంది, ఏది పాడినా మొదటిదానిలాగే వినిపిస్తుంది. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో (వేగాల్లో) పాడగలిగితే ప్రోగ్రామర్‌తో (కంప్యూటర్‌లో వాయిద్యాలు కూర్చేవాళ్లు) "ఇక్కడ గాంధారం కాస్త తగ్గాలి" అని ఒక్క ముక్కలో చెప్పగలరు. అది రానివాళ్లు "ఇంకొంచెం ఫీల్ కావాలి అన్నా" అంటూ గంటలు గడుపుతారు. ఆ గంటల బిల్లు కట్టేదీ వాళ్లే.

తక్కువ ఖర్చులో ఎక్కడ నేర్చుకోవచ్చు?

ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్న సంగతే చాలామందికి తెలియదు. విజయనగరంలోనిది 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల చదివింది అక్కడే. విజయవాడలో ఘంటసాల పేరుతోనూ, హైదరాబాద్ రామకోఠిలో త్యాగరాజు పేరుతోనూ ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం లాంటివాటిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడుస్తాయి. ప్రైవేటు క్లాసులతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. యూట్యూబ్ పాఠాలు పనికిరావని అనను. కానీ మీ శ్రుతి తప్పిందని అవి చెప్పవు, ఎదురుగా కూర్చున్న మాస్టారు చెబుతారు.

ఉద్యోగం చేస్తున్నాను. రోజుకి ఎంతసేపు సాధన చేయాలి?

నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ. తంబురా యాప్ పెట్టుకుని పది నిమిషాలు మంద్రంలో (కింది స్థాయిలో) ఒక్కో స్వరం నిలపండి. పావుగంట అలంకారాలు పాడండి. మిగతా పావుగంట మీ సొంత పాటలో ఒక్క లైన్ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. దాన్ని అప్పుడే వినొద్దు, మర్నాడు పొద్దున వినండి. పాడిన వెంటనే చెవి మనల్ని వెనకేసుకొస్తుంది, తెల్లారాక అసలు సంగతి చెబుతుంది. ఇంకో మాట, సినిమా పాట ఏ స్కేల్‌లో ఉందో దాన్నే పట్టుకుని అరవకండి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులు, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు మధ్య హాయిగా ఉంటాయి. మీ శ్రుతి ఏదో తేల్చుకుని అందులోనే పాట కట్టుకోండి.

ట్యూన్ బాగుంది, మాటలు మాత్రం అతకడం లేదు. ఎందుకు?

తెలుగులో హ్రస్వ దీర్ఘాలు మారితే మాటే మారిపోతుంది. "కల" మీద ట్యూన్ సాగితే వినేవాడికి "కాల" అని వినిపిస్తుంది. సాగే స్వరం మీద దీర్ఘం ఉన్న మాట, పరుగెత్తే చోట హ్రస్వాలు పడేలా చూసుకోవాలి. ముందు "తాన తనన" అని తత్తకారంతో ట్యూన్ రాసుకుని, ఆ గుర్తుల కింద మాటలు పేర్చండి. ఒత్తులు ఎక్కువున్న మాటలు పల్లవి చివర పెట్టకండి, ఊపిరి అక్కడే అయిపోతుంది.

నాకు గొంతు లేదు. రాయడం, ట్యూన్ కట్టడం వచ్చు. మరి నేను ఆర్టిస్టునేనా?

ముమ్మాటికీ. కాపీరైట్ చట్టం దృష్టిలో రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లే ఆ పాటకు కర్తలు. మంచి సింగర్‌ని పెట్టుకుని డబ్బిచ్చి పాడించండి.

## ఇంట్లో రికార్డింగ్

మొదట ఏ మైక్ కొనాలి?

గదిని బట్టి. బయట ఆటో హారన్లు, కూరగాయల బండి మైకు, పక్కింటి మిక్సీ వినిపించే ఇంట్లో డైనమిక్ మైక్ మేలు. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం 58 లాంటిదైతే స్టేజ్ మీదకీ తీసుకెళ్లొచ్చు. గది నిశ్శబ్దంగా ఉంటే ఆడియో టెక్నికా ఏటీ 2020 తరహా కండెన్సర్ తీసుకోండి, గొంతులో సన్నటి వివరం కూడా పట్టుకుంటుంది. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైక్‌కి అందే కరెంటు) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తప్పనిసరి. ఒక ఇన్‌పుట్ ఉన్న ఇంటర్‌ఫేస్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఒక స్టాండు, పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ). ఇంతకుమించి మొదటి ఏడాది కొనకండి.

గోడలకి ఫోమ్ అంటించాను. అయినా డొల్లగా వినిపిస్తోంది.

గుడ్డు అట్టల్లాంటి ఆ పల్చటి ఫోమ్ పై స్వరాల మోతనే తగ్గిస్తుంది. గొంతులో ఉండే కింది, మధ్య స్థాయి శబ్దాన్ని ఆపలేదు. బయటి రొదను అసలే ఆపదు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి వినండి. చివర "ట్రింగ్" అని తోక వినిపిస్తే గది ఖాళీగా ఉందని అర్థం. పరుపు నిలబెట్టండి, బొంతలు వేలాడదీయండి, బట్టల బీరువా తలుపు తీసి దానికి ఎదురుగా పాడండి. ఖర్చు పెట్టగలిగితే రాక్‌వూల్ (రాతి నార) నింపిన రెండు నుంచి నాలుగంగుళాల మందం ప్యానెళ్లు వడ్రంగితో చేయించుకోండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్, ఫ్రిజ్, ఏసీ ఆపేయండి. చెమట పడుతుంది, పర్లేదు.

నేను పాడితే "ప", "బ" దగ్గర దబ్‌మని కొడుతోంది. మైక్ పాడైందా?

మైక్ బాగానే ఉంది, అది నోటి గాలి. మైక్‌కి జానెడు దూరంలో నిలబడండి, మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టండి. మైక్‌ను నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు తిప్పండి, గాలి పక్కనుంచి పోతుంది, గొంతు మాత్రం పడుతుంది. లెవల్ గట్టిగా పాడిన చోట కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా ఉంచి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? క్రాక్ వాడితే ఏమవుతుంది?

మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. విండోస్ అయితే రీపర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, చిన్న స్థాయి వాళ్లకు లైసెన్స్ 60 డాలర్లు. ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తర్వాతి అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. క్రాక్ వేసిన సిస్టమ్‌లో వైరస్ వచ్చి ప్రాజెక్టులన్నీ పోగొట్టుకుని ఏడ్చినవాళ్లను చూశాను. ఆ 60 డాలర్ల కన్నా పోయిన పాటల విలువ ఎక్కువ.

మిక్సింగ్ కూడా నేనే నేర్చుకోవాలా?

రఫ్ మిక్స్ చేసుకునేంత నేర్చుకోండి. విడుదల చేసే పాటను మాత్రం మొదట్లో ఇంకొకరితో చేయించండి. వందసార్లు విన్న పాటలో తప్పు మీ చెవికి పట్టదు. స్పాటిఫై ప్రతి పాటనూ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) స్థాయికి సర్ది వినిపిస్తుంది కాబట్టి "ఇంకా లౌడ్‌గా చేయండి" అని మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటకు చివరి మెరుగు) చేసేవాళ్లను వేధించి లాభం లేదు.

## డబ్బు పెట్టేటప్పుడు

నా దగ్గర 50 వేలు ఉన్నాయి. ఆల్బమ్ చేయాలా, ఒక్క పాట చేయాలా?

ఒక్క పాట. నేనైతే ఇలా పంచుతాను (ఇవి మార్కెట్ రేట్లు కావు, వాటాలు మాత్రమే): ప్రోగ్రామింగ్‌కి, ఒక లైవ్ వాయిద్యానికి కలిపి 15 వేలు. స్టూడియోలో గొంతు రికార్డింగ్‌కి 5 వేలు. మిక్సింగ్, మాస్టరింగ్‌కి 10 వేలు. పోస్టర్, లిరికల్ వీడియోకి 5 వేలు. డిస్ట్రిబ్యూషన్‌కి 2 వేలు. మిగిలిన 13 వేలు పాట విడుదలయ్యేదాకా ముట్టుకోను.

లైవ్ వాయిద్యం దగ్గర లోభించొద్దు. ఒక్క వేణువో, డప్పో, వయొలినో నిజంగా వాయించింది పడితే చాలు, మిగతా ప్రోగ్రామింగ్ అంతటికీ ప్రాణం వస్తుంది. జానపదంలో అయితే కీబోర్డులో నొక్కిన డప్పు మొదటి దరువుకే తెలిసిపోతుంది. డప్పుకి కూలి ఇచ్చి మనిషినే పిలవండి.

చివరి 13 వేలు ఎందుకంటే, పాట ఎవరికి ఎక్కిందో విడుదలయ్యాకే తెలుస్తుంది. కాలేజీ పిల్లలు రీల్స్ చేస్తుంటే అటు ఖర్చు పెట్టాలి, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వింటుంటే ప్రకటనలు అటు తిప్పాలి. ముందే మొత్తం ఊడ్చేసినవాళ్లు అప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

అప్పు చేసి వీడియో సాంగ్ తీయొచ్చా?

వద్దు. డ్రోన్ షాట్లు, డ్యాన్సర్లు, ఫామ్‌హౌస్ అద్దె కలిస్తే పాటకు అయిన ఖర్చుకి ఎన్నో రెట్లు అవుతుంది. పాట జనంలోకి వెళ్లాక వీడియో ఎప్పుడైనా తీయొచ్చు.

స్టూడియోకి గంటల లెక్కన కట్టాలి. టైమ్ వృథా కాకుండా ఏం చేయాలి?

ఇంట్లో తాళం, టెంపో, స్కేల్ ఖాయం చేసుకుని ట్రాక్ పాడి తీసుకెళ్లండి. సాహిత్యం పెద్ద అక్షరాలతో ఒక్క పేజీలో రాసి, ఊపిరి తీసుకునే చోటల్లా గీత పెట్టుకోండి. పేజీ తిప్పిన చప్పుడు కూడా మైక్‌లో పడుతుంది. ముందు రోజు రాత్రి పెరుగు, ఐస్‌క్రీం మానేయాలా అని అడుగుతారు. మీ గొంతుకి పడకపోతే మానేయండి, నిద్ర మాత్రం తగ్గనివ్వకండి. చివరగా, గొంతు ఫైళ్లు పాట మొదటి క్షణం (సున్నా) నుంచి మొదలయ్యేలా విడివిడిగా ఇప్పించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాకే డబ్బు మొత్తం కట్టండి.

యూట్యూబ్‌లో "ఫ్రీ బీట్" అని ఉంది. దాని మీద ర్యాప్ చేసి వదలొచ్చా?

చాలా బీట్లకు "ఫ్రీ" అంటే డబ్బు సంపాదించనంతవరకే ఫ్రీ. లీజు కొంటే ఇన్ని స్ట్రీముల వరకే అని పరిమితి ఉంటుంది, అదే బీట్ ఇంకొందరికీ అమ్ముతారు. అలాంటి పాటను కంటెంట్ ఐడీలో (పాట ఎవరిదో పట్టి చూసే యూట్యూబ్ ఏర్పాటు) పెట్టారో, ఆ బీట్ కొన్న మిగతావాళ్ల వీడియోలకు మీ క్లెయిమ్, మీ వీడియోకు వాళ్ల క్లెయిమ్ పడి తగవు మొదలవుతుంది. మంచి పాట అనిపిస్తే ఎక్స్‌క్లూజివ్‌గా కొనండి, లేదా మీ ఊరి ప్రోగ్రామర్‌తో కొత్తది చేయించండి.

## విడుదల

స్పాటిఫై, జియోసావన్‌లలో పాట ఎలా పెడతారు?

డిస్ట్రిబ్యూటర్ ద్వారా. డిస్ట్రోకిడ్ లాంటివి ఏడాదికి చందా తీసుకుంటాయి. సీడీ బేబీ పాటకు ఒకసారి ఫీజు తీసుకుని, వచ్చే ఆదాయంలో 9 శాతం పట్టుకుంటుంది. ఏడాదికి ఐదారు పాటలు వదిలేవాళ్లకు చందా లాభం, ఎప్పుడో ఒకటి వదిలేవాళ్లకు ఒకసారి కట్టేదే నయం. చందా ఆగితే పాట ఉంటుందో తీసేస్తారో షరతుల్లో చదువుకోండి. ప్రతి పాటకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ ఇస్తారు. అది రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇస్తే పాత లెక్కలు కలిసొస్తాయి.

ఏ రోజు రిలీజ్ చేస్తే మంచిది?

ముహూర్తం మీ ఇష్టం, కానీ ఫైలు మూడు నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేయండి. ప్లేలిస్టులు కూర్చే స్పాటిఫై ఎడిటర్లకు పాటను విడుదలకు ముందే పంపాలి. కనీసం 7 రోజుల ముందు పంపితే మీ ఫాలోవర్ల రిలీజ్ రాడార్‌లోకీ (కొత్త పాటల జాబితా) చేరుతుంది. బతుకమ్మ, బోనాలు, సంక్రాంతి పాటలైతే పండగకు మూడు వారాల ముందే బయట ఉండాలి. ఎంగిలిపూల (బతుకమ్మ మొదటి రోజు) నాడు వదిలిన పాటను ఆడవాళ్లు ఎప్పుడు నేర్చుకుంటారు, ఎప్పుడు పాడతారు?

లక్ష వ్యూస్ తెప్పిస్తామని మెసేజ్‌లు వస్తున్నాయి. తీసుకోవచ్చా?

అవి మిషన్లు వినే వినికిడి. దొంగ స్ట్రీములు దొరికితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా వేస్తుంది, దాన్ని కొందరు మీ ఖాతాలోంచే కోస్తారు, పాట తీసేయడమూ ఉంటుంది. పైగా మీ పాట ఎవరికి నచ్చుతుందో ఆ ప్లాట్‌ఫారం లెక్కగట్టే పద్ధతి మొత్తం చెడిపోతుంది.

డబ్బు ఎప్పటినుంచి వస్తుంది?

స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటితేనే రాయల్టీ లెక్కలోకి వస్తుంది. యూట్యూబ్ చానెల్‌కు ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. మొదటి రెండేళ్లు స్ట్రీమింగ్ మీద ఇల్లు గడుస్తుందని అనుకోవద్దు. ట్యూషన్లు, ట్రాక్ పాడడం, పెళ్లి ప్రోగ్రామ్‌లు చేస్తూనే చాలామంది నిలదొక్కుకున్నారు.

## హక్కులు, కాగితాలు

ఒక చానెల్ వాళ్లు ఖర్చంతా మేమే పెడతాం, పాట మాకిచ్చేయమంటున్నారు. ఇవ్వాలా?

ఇవ్వడంలో తప్పులేదు, ఏమిస్తున్నారో తెలుసుకుని ఇవ్వండి. హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతో జరగాలి. అందులో కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే అవతలివాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, రాబోయే అన్ని మాధ్యమాల్లో" అని ఒక లైన్ తప్పకుండా రాయిస్తారు. ఆ లైన్ దగ్గరే బేరం ఆడాలి. ఐదేళ్లకో పదేళ్లకో ఇస్తామనండి, ఆడియో వాళ్లకిచ్చి స్టేజ్ మీద పాడుకునే హక్కు మీరు ఉంచుకోండి, మీ పేరు ఎక్కడ ఎలా వేయాలో రాయించండి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత రచయిత, స్వరకర్తలకు దక్కాల్సిన రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో (రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం) తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. రాయించుకున్నా చెల్లదు.

ఐపీఆర్‌ఎస్ అంటే ఏంటి? డిస్ట్రిబ్యూటర్ డబ్బు ఇస్తున్నాడుగా, మళ్లీ ఇదెందుకు?

డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ మీద వచ్చే డబ్బు. రాసినందుకు, ట్యూన్ కట్టినందుకు వచ్చేది వేరే. ఎఫ్‌ఎం, టీవీ, హోటళ్లు, కచేరీలు, ఆన్‌లైన్ వేదికల నుంచి దాన్ని వసూలు చేసి పంచేది 1969లో పుట్టిన ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). సభ్యత్వం తీసుకుని మీ పాటల వివరాలు నమోదు చేయకపోతే ఆ డబ్బు మీ దాకా రాదు. గాయకులకు వేరే సంఘం ఉంది, పేరు ఇస్రా, ఇప్పుడు ఇసామ్రా అంటున్నారు.

మా నానమ్మ పాడే జానపదం రికార్డు చేశాను. హక్కు నాదేనా?

ఎవరు కట్టారో తెలియని పాత పాటైతే ఆ వరస అందరిదీ, మీ రికార్డింగ్ మాత్రం మీది. అదే పాట ఇంకొకరు పాడితే ఆపలేరు. అయితే "జానపదం" అని చలామణి అయ్యే పాటల్లో చాలావాటికి రచయితలు బతికే ఉన్నారు. రచయిత మరణించాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఊళ్లో నలుగురు పెద్దవాళ్లను అడిగి, కట్టినవాళ్లు ఎవరో తెలిస్తే పేరు వేయండి, డబ్బు మాట్లాడండి.

అన్నమయ్య కీర్తనలు పాడడానికి అనుమతి అక్కర్లేదు కదా?

సాహిత్యానికి అక్కర్లేదు, అది 15వ శతాబ్దిది. కానీ రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరం లేదు. మనం వినే వరసల్లో చాలావాటిని గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివారు కట్టారు. నేదునూరి 2014లో కన్నుమూశారు కాబట్టి ఆయన వరసలకు రక్షణ 2074 చివరిదాకా ఉంటుంది. సొంతంగా ట్యూన్ కట్టుకుంటే ఏ పేచీ లేదు.

సినిమా పాటకు కవర్ పాడి డబ్బు చేసుకోవచ్చా?

యూట్యూబ్‌లో పెడితే సాధారణంగా ఆడియో కంపెనీ క్లెయిమ్ పడుతుంది, ఆదాయం వాళ్లకు పోతుంది. కరోకే ట్రాక్ వాడితే ఆ రికార్డింగ్ హక్కు వేరే. చట్టంలో కవర్ వెర్షన్‌కు దారి ఉంది గానీ మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ఏడాదికి కనీసం 50 వేల కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. గొంతు పరిచయం కావడానికి కవర్లు మంచివే. సంపాదనకు సొంత పాటే దారి.

నలుగురం స్నేహితులం కలిసి పాట చేశాం. వాటాలు ఎలా?

పాట విడుదలకు ముందే ఒక తెల్లకాగితం మీద రాసుకోండి: సాహిత్యం ఎవరిది, ట్యూన్ ఎవరిది, ప్రోగ్రామింగ్ ఎవరిది, ఎంత శాతం, యూట్యూబ్ ఖాతా ఎవరి పేరున. నలుగురూ సంతకం చేసి ఫొటో తీసుకోండి. పాట హిట్టయ్యాక ఈ మాట ఎత్తితే స్నేహం మిగలదు.

## ఆదాయం, పన్ను, వేదిక

పాటల మీద వచ్చే డబ్బుకు పన్ను కట్టాలా?

కట్టాలి, అది ఆదాయమే. కంపెనీలు ఇచ్చేటప్పుడు సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోస్తాయి, రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది తిరిగొస్తుంది. మైక్, సాఫ్ట్‌వేర్, స్టూడియో బిల్లులు దాచండి, ఖర్చుగా చూపొచ్చు. ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. యూట్యూబ్‌లో పన్ను ఫారం నింపి భారత్-అమెరికా పన్ను ఒప్పందం రేటు కోరుకుంటే, అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన భాగం మీద 15 శాతమే కోస్తారు. నింపకపోతే అంతకన్నా ఎక్కువ పోతుంది.

మొదటిసారి స్టేజ్ ఎక్కాలి. ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్‌లో అయితే బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట ఓపెన్ మైక్‌లు జరుగుతుంటాయి. జిల్లాల్లో వినాయక చవితి మండపాలు, కాలేజీ వార్షికోత్సవాలు ఇప్పటికీ మంచి బడి. అక్కడ మైక్ కీచుమంటుంది, కరెంటు పోతుంది, జనం మాట్లాడుకుంటుంటారు. అందులోనూ పాడగలిగితే ఇక ఏ స్టేజ్‌కీ బెదరరు.

పెళ్లి ప్రోగ్రామ్ ఒప్పుకున్నాను. అడ్వాన్స్ ఎంత అడగాలి?

సగం. మిగతా సగం స్టేజ్ ఎక్కేముందు. ప్రయాణం, బస, సౌండ్ సిస్టమ్ ఎవరి ఖర్చో వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. "ఇంకో పాట అన్నా, ఇంకో పాట" అని రాత్రి రెండింటిదాకా నడిచే ఊళ్లుంటాయి కాబట్టి ఎన్ని గంటలో కూడా అందులో రాయండి.

అమెరికాలో తెలుగు సంఘం వాళ్లు పిలుస్తున్నారు. విజిటర్ వీసా ఉంది, సరిపోతుందా?

డబ్బు తీసుకుని పాడడానికి సరిపోదు. సంప్రదాయ, ప్రాంతీయ కళలకు పీ-3 అనే వీసా ఉంది. దానికి పిలిచే సంస్థే ముందు అక్కడి ఇమిగ్రేషన్ శాఖకు ఐ-129 దరఖాస్తు పెట్టాలి. అది నెలలు పట్టే పని కాబట్టి ఉత్సవం ఆరు నెలల దూరంలో ఉండగానే కదలమని అడగండి. "వచ్చేయండి, చూసుకుందాం" అంటే టికెట్ కొనకండి.